ఇంగ్లీషు జెడ్ ధ్వనిని నోటికి అలవాటు చేసుకోవడం

జీరో, జిప్, జూ వంటి మాటలను తెలుగు లిపిలో జకారంతో రాయక తప్పదు గనుక, వాటిని జకారంతోనే పలకడం మనకు బడినాటి నుంచి అలవాటైపోయింది. ఇంగ్లీషులో మాత్రం జెడ్ అక్షరం సూచించే ధ్వని వేరు, జే అక్షరం సూచించే ధ్వని వేరు. ఈ రెంటినీ కలిపేసి పలికితే, జంతు ప్రదర్శనశాల అనే అర్థంలో మనం అన్న మాట వినేవారికి యూదుడు అనే అర్థమిచ్చే మాటగా వినబడుతుంది. అమెరికాలో ఉన్న తెలుగువారికి ఇంకొక చిక్కు కూడా ఉంది. అక్కడ జెడ్ అక్షరాన్ని జీ అంటారు గనుక, ఫోనులో ఏదైనా పేరును అక్షరం అక్షరంగా చెబుతున్నప్పుడు ఆ జీకీ ఎఫ్ తరువాత వచ్చే జీకీ తేడా చూపలేకపోతే అవతలివారు తప్పుగా రాసుకుంటారు.

ఈ వ్యాసంలో ఇంగ్లీషు జెడ్ ధ్వనిని ౙ అనే పాత అక్షరంతో రాస్తున్నాను. నిజానికి ఆ అక్షరం తెలుగులోని దంత్య జకారానికి, అంటే నాలుక కొనను పళ్ల దగ్గర ఆనించి పలికే జకారానికి, ఏర్పడినది, కాబట్టి దీన్ని ఈ వ్యాసం వరకు ఒక గుర్తుగా మాత్రమే తీసుకోవాలి.

రెండు ధ్వనులకూ ఉన్న అసలు తేడా ఇది. జ పలికేటప్పుడు నాలుక పై అంగిలికి గట్టిగా అంటుకొని, గాలిని ఒక క్షణం పూర్తిగా ఆపి, ఆ తరువాత వదులుతుంది. ౙ పలికేటప్పుడు నాలుక ఎక్కడా గాలిని పూర్తిగా ఆపదు. నాలుక కొన పై పళ్ల వెనుక ఉన్న చిగురు గట్టుకు బాగా దగ్గరగా వచ్చి, తాకకుండా నిలిచి, ఒక సన్నని సందును మాత్రం విడిచిపెడుతుంది. ఆ సందులోంచి గాలి ఒరుసుకుంటూ పోతుంది. అందుకే ఊపిరి ఉన్నంతసేపూ ౙ్ౙ్ౙ్ అని సాగదీయవచ్చు, జ్ అనేదాన్ని సాగదీయడం ఎవరికీ సాధ్యం కాదు. మీరు పలికినది ఏదో తెలియకపోతే ఐదు సెకన్లు సాగదీసి చూడండి. తుమ్మెద రొద లాగా ఆగకుండా వస్తే అది ౙ. మధ్యలో తెగితే, లేదా వెనుక ఏదో అచ్చును పట్టుకుని సాగితే, మీరు ఇంకా జ దగ్గరే ఉన్నారు. ఉచ్చారణ పాఠాల్లో చాలామంది అద్దం ముందు కూర్చోమని చెబుతారు గానీ, ఈ ధ్వని విషయంలో పని అంతా పళ్ల వెనుకే జరుగుతుంది గనుక అద్దం వల్ల పెద్దగా ఉపయోగం లేదు. వేళ్లూ చెవులూ ఎక్కువ పనికి వస్తాయి.

మొదటి దారి సకారం నుంచి మొదలవుతుంది. బుసకొట్టినట్టు స్స్స్ అని సాగదీస్తూ, రెండు వేళ్లను గొంతు ముందు భాగంలో ఉన్న గట్టి ఎముక వంటి చోట ఆనించండి. అక్కడ ఏ కదలికా తెలియదు. ఇప్పుడు నాలుకను, దవడను, పెదవులను అణువంత కూడా కదపకుండా, ఆ బుసకు గొంతులోని నాదాన్ని కలపండి. వేళ్ల కింద సన్నని అదురు మొదలైతే ౙ వచ్చినట్టే. రెండు చెవులనూ అరచేతులతో మూసుకుంటే ఆ అదురు తలంతా నిండినట్టు వినిపిస్తుంది కాబట్టి మొదటి రోజుల్లో అలా సరిచూసుకోవడం ఇంకా తేలిక. ఒకే ఊపిరిలో స్స్స్ ౙ్ౙ్ౙ్ స్స్స్ ౙ్ౙ్ౙ్ అని నాదాన్ని కలుపుతూ, తీసేస్తూ ఉండాలి. ఈ మార్పిడి జరుగుతున్నప్పుడు నాలుక కదిలి అంగిలిని తాకితే మళ్లీ జ వచ్చేస్తుంది. అప్పుడు ఆగి, సకారం నుంచి తిరిగి మొదలుపెట్టాలి.

రెండో దారి మన భాషలోనే ఉంది, నాకు దాని మీదే ఎక్కువ నమ్మకం. జడ, జొన్న, జున్ను అనే మాటల్లోని జ, జిల్లేడు, జెముడు అనే మాటల్లోని జ ఒకటి కావు. మొదటి జట్టులోనిది దంత్యం, రెండో జట్టులోనిది తాలవ్యం, అంటే నాలుకను అంగిలికి ఆనించి పలికేది. దంత్య జకారాన్ని నెమ్మదిగా పలికి గమనిస్తే అందులో రెండు సగాలు కనిపిస్తాయి: ముందు నాలుక కొన పళ్ల దగ్గర ఆని గాలిని ఆపుతుంది, తరువాత గాలి ఒరుసుకుంటూ బయటికి వస్తుంది. ఆ రెండో సగమే దాదాపుగా ఇంగ్లీషు జెడ్ ధ్వని. పైగా రోజు, మోజు, బూజు, గాజు వంటి మాటల్లో జకారం రెండు అచ్చుల మధ్య ఉండటం వల్ల, మాట్లాడే వేగంలో చాలామంది మొదటి సగాన్ని వదిలేసి, తమకు తెలియకుండానే ౙ పలుకుతారు. కాబట్టి ‘రోజు’ అనే మాటను తీరిగ్గా, మెత్తగా పలుకుతూ, జకారం దగ్గర నాలుకను ఆననీయకుండా రోౙ్ౙ్ౙ్ అని అక్కడే నిలిపి చూడండి. హైదరాబాదులో ఉర్దూ వింటూ పెరిగినవారికి ఈ శ్రమ కూడా అక్కరలేదు. నమాజ్, జిందగీ వంటి మాటల్లో వారి నోటికి అది ముందే పట్టుబడి ఉంటుంది. దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చుకోవడమే మిగిలి ఉంటుంది.

సాధన మాటలను ఏ వరుసలో ఎంచుకోవాలో కూడా ఇందువల్లనే తేలుతుంది. అచ్చ తెలుగు మాటల్లో అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓల ముందు జకారం దంత్యమవుతుంది, ఇ, ఈ, ఎ, ఏల ముందు తాలవ్యమవుతుంది. అందుచేత ౙూ, ౙోన్, ౙూమ్ వంటివి మనకు త్వరగా వస్తాయి. ౙిప్, ౙీరో, ౙీబ్రా వంటివి మొండికేస్తాయి, ఎందుకంటే ఇకారం కనబడగానే నాలుక తన పాత అలవాటు ప్రకారం అంగిలి పైకి వెళ్లిపోతుంది. మొదటి వారం ఊ, ఓ ఉన్న మాటలతో గడిపి, ఆ తరువాతే ఈ రెండో రకానికి రావడం మేలు. అప్పుడు కూడా ౙ్ౙ్ౙ్ అని రెండు క్షణాలు సాగదీసి, దాని వెనుక ఈ, రో అని చేర్చాలి.

మాట చివర వచ్చే ౙకు ఇంకో రకమైన జాగ్రత్త అవసరం. తెలుగు మాటలు సాధారణంగా అచ్చుతో ముగుస్తాయి గనుక సైజు, ప్రైజు, ఫీజు అని చివర ఉకారం చేర్చుకోవడం మనకు సహజం, తెలుగులో మాట్లాడేటప్పుడు అందులో తప్పేమీ లేదు. ఇంగ్లీషు వాక్యంలో మాత్రం ఆ ఉకారం అదనపు అక్షరంగా వినిపిస్తుంది. దాన్ని తీసేయగానే మరొక ఇబ్బంది వస్తుంది: చివరి ౙ కాస్తా స్ అయిపోతుంది. ఇక్కడ తెలుసుకోదగ్గ విషయం ఏమిటంటే, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు కూడా వాక్యం చివర ౙలోని నాదాన్ని చాలావరకు తగ్గించేస్తారు. వినేవారు తేడాను ముఖ్యంగా దాని ముందున్న అచ్చు పొడవును బట్టి గుర్తిస్తారు. మంచు అనే అర్థంలో ఐస్ పొట్టిగా తెగుతుంది, కళ్లు అనే అర్థంలో ఐౙ్ సాగుతుంది. ధర అయితే ప్రైస్, బహుమతి అయితే ప్రైౙ్. పరుగు పందెం అయితే రేస్, పైకెత్తడం అయితే రేౙ్. ఈ జంటలను పలికి ఫోనులో రికార్డు చేసుకొని, మరుసటి రోజు విన్నప్పుడు ఏది ఏదో మీకే తెలియకపోతే, ౙ మీద కాకుండా ముందున్న అచ్చు మీద శ్రద్ధ పెట్టండి.

ధ్వని వచ్చాక, దాన్ని ఎక్కడ వాడాలన్నది పెద్ద ప్రశ్న, ఎందుకంటే ఇంగ్లీషులో ఇది జెడ్ అక్షరం కన్నా ఎస్ అక్షరం చాటునే ఎక్కువగా ఉంటుంది. ఇౙ్, వాౙ్, హ్యాౙ్, హిౙ్, దీౙ్, బికాౙ్ వంటి నిత్యం వాడే చిన్న మాటలన్నిటిలో చివరి ధ్వనిని రాసేది ఎస్ అక్షరంతోనే గానీ పలికేది ౙ. భర్త అనే అర్థమిచ్చే హౙ్బండ్‌లోనూ, మంగళ, బుధ, గురువారాల ఇంగ్లీషు పేర్లలోనూ అంతే. సిౙర్ౙ్ అనే మాటలో రెండు ఎస్‌లు పక్కపక్కనే ఉన్నా ౙ అనే పలకాలి. బహువచనాలకు మాత్రం కచ్చితమైన నియమం ఉంది: మాట చివరి ధ్వని ప్, ట్, క్, ఫ్, థ్‌ల వంటి నాదం లేనిదైతే స్ వస్తుంది, కాబట్టి కప్స్, బుక్స్, నాదం ఉన్నదైతే ౙ వస్తుంది, కాబట్టి బ్యాగ్ౙ్, కార్ౙ్, బాయ్ౙ్, చివర స్, ౙ్, ష్, చ్, జ్ ఉంటే ఇౙ్ వస్తుంది, కాబట్టి బసిౙ్, రోౙిౙ్. అనుమానం వచ్చినప్పుడు ఆ చివరి ధ్వని దగ్గర గొంతు మీద వేళ్లు పెట్టి చూసుకుంటే సరిపోతుంది.

తెలుగులో స్థిరపడిన మాటలు కొన్ని ఇక్కడ దారి తప్పిస్తాయి. బిగువు లేనిది అనే అర్థంలో మనం లూజు అంటాము, కానీ ఇంగ్లీషులో అది లూస్. లూౙ్ అంటే పోగొట్టుకోవడం. షూస్, జీన్స్ అని మనం సకారంతో అనేవి అక్కడ షూౙ్, జీన్ౙ్. జీన్ౙ్ అనే మాటలో మొదటిది అసలైన జ, చివరిది ౙ కావడం వల్ల రెండు ధ్వనులనూ పక్కపక్కన పెట్టి సాధన చేయడానికి అంతకన్నా మంచి మాట దొరకదు. ౙ కొత్తగా పట్టుబడినవారు ఉత్సాహంలో జాబ్, జనవరి వంటి జే అక్షరపు మాటలను కూడా ౙతో పలకడం మొదలుపెడతారు గనుక జీన్ౙ్ అనే మాటను రోజూ నాలుగుసార్లు అనుకోవడం మంచిది.

చివరగా ఎక్స్ అక్షరం. దాని వెనుక ఊనిక ఉన్న, అంటే నొక్కి పలికే, అచ్చు వస్తే అది సాధారణంగా గ్ౙ్ అవుతుంది, అందువల్ల ఎగ్ౙామ్, ఎగ్ౙాక్ట్. ఊనిక ముందుకు జరిగిన ఎక్సర్‌సైౙ్‌లో క్స్‌గానే ఉంటుంది. మాట మొదట్లో వస్తే ఎక్స్ సాధారణంగా పూర్తిగా ౙ అయిపోతుంది. వీధి చివరి జిరాక్స్ షాపు బోర్డు మీదున్న పేరును ఇంగ్లీషులో చదివేటప్పుడు మొదటి ఎక్స్‌ను ౙగా, చివరి ఎక్స్‌ను క్స్‌గా పలకాలి. మొదట్లో ఇకారం ఉన్నందున నాలుక జ వైపు లాగుతుంది; ౙ్ౙ్ౙ్ అని సాగదీసి మొదలుపెట్టండి.