ఏ లోకల్ ఏ స్టేషన్‌లో ఆగాలి: స్టాపేజీలు తేల్చే పద్ధతి

ఒక స్టేషన్‌లో లోకల్ రైలు ఆపాలా వద్దా అనే మాట రాగానే ఎవరైనా ముందు అడిగేది "అక్కడ ఎంతమంది ఎక్కుతారు?" అని. అడగాల్సిన ప్రశ్నే, కానీ దానితోనే తేలిపోదు. అక్కడ ఆగిన రైలు వెనకాల వచ్చే రైలుకు ఎంతసేపు అడ్డం అవుతుందనే లెక్కే చాలాసార్లు స్టాపేజీని నిలబెడుతుంది, లేదా తీసేస్తుంది. కాబట్టి లైన్ మొత్తాన్ని ముందు పరుచుకుని కూర్చోవాలి.

ఒక్క స్టాపుకు ఎంత సమయం పోతుంది

30 సెకన్లు ఆగితే 30 సెకన్లే పోతాయనుకోవడం మొదటి పొరపాటు. గంటకు 90 కిలోమీటర్లు, అంటే సెకనుకు 25 మీటర్ల వేగంతో వచ్చే రైలును తీసుకోండి. బ్రేకు వేశాక ప్రతి సెకనుకూ వేగం 0.8 మీటర్ల చొప్పున తగ్గుతుందనీ, బయల్దేరాక సగటున 0.6 చొప్పున పెరుగుతుందనీ అనుకుందాం. ఆగడానికి 31 సెకన్లు, మళ్లీ అదే వేగం అందుకోవడానికి 42 సెకన్లు. ఆగినా ఆగకపోయినా ఆ దూరం దాటాల్సిందే కాబట్టి ఇందులో సగమే నష్టం, సుమారు 36 సెకన్లు. నిలబడిన 30 కలిపితే 66. ఇదే లెక్క 60 కిలోమీటర్ల వేగానికి 54 సెకన్లు, 120కి 79 సెకన్లు వస్తుంది.

రెండు జాగ్రత్తలు. పై లెక్క ప్రకారం వేగం అందుకుని మళ్లీ ఆగడానికి 900 మీటర్లకు పైగా కావాలి. స్టేషన్ల మధ్య 800 మీటర్లే ఉంటే రైలు 90కి చేరనే చేరదు, అక్కడ వేగాన్ని సెక్షన్ వారీగా విడిగా లెక్కకట్టాలి. అలాగే స్టేషన్ పక్కనే వంపు ఉండి ఎలాగూ వేగం తగ్గించాల్సిన చోట స్టాపు తీసేసినా కలిసొచ్చేది కొంచెమే.

ఇక ఆ 30 సెకన్లు టైంటేబుల్లోని అంకె. నిజమైన అంకె కావాలంటే రద్దీ వేళ ప్లాట్‌ఫాం మీద గడియారంతో నిలబడాలి. తలుపులు తెరుచుకుని మూసుకోవడానికే 12 నుంచి 15 సెకన్లు పోవచ్చు. ఆపైన మనిషికి సెకను నుంచి రెండు సెకన్లు. చూడాల్సింది సగటు తలుపును కాదు, అన్నిటికంటే కిక్కిరిసిన ఒక్క తలుపును. అది సర్దుకునేదాకా రైలు కదలదు. పాదచారుల వంతెన మెట్లు ప్లాట్‌ఫాం ఒక చివరే దిగితే, జనమంతా ఆ చివరి రెండు పెట్టెల దగ్గరే గుమిగూడతారు. మిగతా పెట్టెలు సగం ఖాళీగా ఉన్నా రైలు 50 సెకన్లు నిలబడుతుంది. ఇలాంటి చోట స్టాపు ఎత్తేసే ముందు రెండో చివర ఇంకో మెట్లదారి వేయించమని అడగడం మంచిది.

దిగేవాళ్లు, సాగిపోయేవాళ్లు

ప్రయాణికులను 15 నిమిషాల ముక్కలుగా లెక్కించండి, సెలవు పక్కన పడని మామూలు పనిరోజున. సీజన్ టికెట్ల అమ్మకాలు ఏ రైలు ఎక్కారో చెప్పవు కాబట్టి తలుపుల దగ్గర మనిషిని పెట్టి లెక్కించడం తప్పదు.

ఉదాహరణకు 10 నిమిషాలకో రైలు, ఒక్కోదానికి ఈ స్టేషన్‌లో 60 మంది, దిగకుండా ముందుకు సాగేవాళ్లు 900 మంది అనుకుందాం. రైలు విడిచి రైలు ఆగితే 20 నిమిషాల్లో వచ్చే ఆ 120 మందికి సగటు నిరీక్షణ 5 నిమిషాలు పెరుగుతుంది. నిలబడి ఎదురుచూసే నిమిషం కూర్చుని ప్రయాణించే నిమిషానికి రెండింతలుగా లెక్కకట్టడం వాడుక. అంటే నష్టం 1,200 నిమిషాలు. ఆగని రైల్లోని 900 మందికి 66 సెకన్ల చొప్పున కలిసొచ్చేది 990. స్టాపు ఉంచాలి. స్టేషన్ వాడేవాళ్లు 30 మందే అయితే నష్టం 600, తీసేయవచ్చు.

అదే లెక్క మధ్యాహ్నానికి వేయండి. సాగేవాళ్లు 200, స్టేషన్ వాళ్లు 25. కలిసొచ్చేది 220, పోయేది 500. రద్దీ లేని వేళల్లో అన్నిచోట్లా ఆపడమే దాదాపు ఎప్పుడూ సరైనది.

ఒక ఉచ్చు ఉంది. రైళ్లు సరిగ్గా ఆగని స్టేషన్‌లో జనం తక్కువే కనిపిస్తారు, ఎందుకంటే వాళ్లు ఆటోలో పక్క స్టేషన్‌కు వెళ్లి ఎక్కుతున్నారు. అందుకే పక్క స్టేషన్లలో దిగినవాళ్లు ఎటు వెళుతున్నారో కూడా అడిగి రాసుకోవాలి.

గ్రాఫ్ మీద గీయండి

అడ్డంగా సమయం, నిలువుగా దూరం పెట్టి ప్రతి రైలుకూ ఒక గీత గీయండి. కొన్ని స్టేషన్లు వదిలేసే ఫాస్ట్ రైలు గీత నిటారుగా, అన్నిచోట్లా ఆగే స్లో రైలు గీత వాలుగా వస్తుంది. రెండు రైళ్ల మధ్య కనీస ఎడం, అంటే హెడ్‌వే, 3 నిమిషాలు అనుకోండి. అన్నీ ఒకేలా ఆగితే గంటకు 20 రైళ్లు. ఇప్పుడు ఫాస్ట్ 6 స్టేషన్లు వదిలేస్తుందనుకుంటే, స్లో దానికంటే 6.6 నిమిషాలు ఎక్కువ తీసుకుంటుంది. ఫాస్ట్ వెనక స్లో 3 నిమిషాలకు బయల్దేరవచ్చు. స్లో వెనక ఫాస్ట్ మాత్రం 9.6 నిమిషాలు ఆగాలి, లేకపోతే చివర్లో స్లో తోక పట్టుకుని సిగ్నళ్ల దగ్గర ఈడ్చుకుంటూ వస్తుంది. అంటే సుమారు 13 నిమిషాలకు రెండు రైళ్లు, గంటకు 9. సగానికి పైగా లైన్ కరిగిపోయింది!

రెండు ఫాస్ట్‌లను, రెండు స్లోలను జంటలుగా పంపితే గంటకు సుమారు 13 వస్తాయి. కానీ స్లో జంట వెళ్లాక చిన్న స్టేషన్‌లో పావుగంటకు పైగా ఆగే రైలే ఉండదు. మధ్యలో లూప్ లైన్, అంటే రైలు పక్కకు తప్పుకునే పట్టా, ఉంటే స్లోను అక్కడ నిలిపి ఫాస్ట్‌ను దాటించవచ్చు. దానికి స్లోలోని వాళ్లు 4, 5 నిమిషాలు చెల్లిస్తారు. అదే ప్లాట్‌ఫాంకు అటువైపు ఫాస్ట్ ఆగి, రైలు మారే వీలు కల్పిస్తేనే ఆ బాధ న్యాయం. ముంబయి లోకల్ మార్గాల్లోలా స్లోకు, ఫాస్ట్‌కు వేర్వేరు లైన్లుంటే ఈ చిక్కు చాలావరకు తప్పుతుంది.

రెండే లైన్లున్నచోట జోన్ పద్ధతి బాగా పనిచేస్తుంది. దూరపు స్టేషన్లన్నిటిలో ఆగిన రైలు దగ్గరి స్టేషన్లను వదిలేస్తుంది. దగ్గరివాటికి మధ్యలోనే మొదలయ్యే రైలు వేస్తారు. అయితే అది తిరగడానికి అక్కడ టర్న్‌బ్యాక్ లైన్ ఉండాలి. ఇక్కడ వింతగా అనిపించే నిర్ణయం ఒకటి తీసుకోవాల్సి వస్తుంది: దూరం నుంచి వచ్చే రైలు, ఊరికి దగ్గర్లోని పెద్ద స్టేషన్‌ను వదిలేయడం. అక్కడ ఆపితే పది నిమిషాల ప్రయాణికులు ఎగబడి ఎక్కుతారు, గంట ప్రయాణించేవాళ్లు ఇరుక్కుపోతారు, వెనకాల స్లో ఖాళీగా వస్తుంది.

ఒక రైలు ఈ స్టేషన్‌లో, తర్వాతది ఆ స్టేషన్‌లో ఆగే విడిచి విడిచి పద్ధతిని షికాగో 1995లో వదిలేసింది. న్యూయార్క్ సబ్‌వే 1, 9 నంబర్ల సర్వీసుల్లో 2005లో తీసేశారు. రైళ్లు పలచగా వచ్చే మార్గంలో, కలిసొచ్చే నిమిషంకంటే నిరీక్షణ పెరగడమే ఎక్కువవుతుంది.

రేకులు చూసుకున్నాకే సంతకం

15 నిమిషాలకో రైలు, రానుపోను చివర్ల నిలుపుదలతో కలిపి 118 నిమిషాలు అయితే 8 రేకులు, అంటే పెట్టెలన్నీ కలిపిన 8 పూర్తి రైళ్లు, చాలు. రెండు వైపులా ఒక్కో స్టాపు చేర్చండి: 120.2 నిమిషాలు. ఇప్పుడు 9 రేకులు కావాలి. ఒక్క స్టాపేజీ కోసం ఒక రైలు, దానితోపాటు సిబ్బంది.

స్టాపేజీలు ఒకేసారి పెరగవు, ఏడాదికొకటి చొప్పున చేరతాయి. ప్రతిసారీ "ఒక్క నిమిషమే కదా" అంటారు, ఆలస్యాలను సర్దుకోవడానికి ఉంచిన నిమిషాలు ఒక్కొక్కటే మాయమవుతాయి. కొత్తది చేర్చేటప్పుడల్లా గ్రాఫ్ మొత్తం మళ్లీ గీయాలి. మార్పు అమల్లోకి వచ్చిన మూడో వారంలో అదే ప్లాట్‌ఫాం మీద అదే గడియారంతో మళ్లీ కొలవాలి, వెనకాల వచ్చే రైలు హోమ్ సిగ్నల్ (స్టేషన్‌లోకి రానిచ్చే సిగ్నల్) దగ్గర ఎన్ని సెకన్లు నిలుస్తోందో కూడా.