గుసగుస దగ్గర పెన్సిల్ గీత

ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్ మొదటిసారి చదివినప్పుడు యుద్ధాలొచ్చిన చోట పేజీలు వాటంతటవే పరిగెత్తాయి. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే చోట నేనే పరిగెత్తించాను. రెండోసారి చదివితేగానీ తెలియలేదు, కథ మలుపు తిరిగేదంతా ఆ మాటల దగ్గరేనని. అందులోనూ చెవిలో చెప్పిన మాటల దగ్గర. వాటిని పట్టుకుంటూ చదవడానికి నాకంటూ ఒక పద్ధతి అలవాటైంది. ఒక పెన్సిలూ, పేజీలు వెనక్కి తిప్పే ఓపికా ఉంటే చాలు.

నవల 1954–55లో మూడు సంపుటాలుగా వచ్చినా, లోపల దాన్ని ఆరు పుస్తకాలుగా విడగొట్టాడు టోల్కీన్. చెయ్యి తిరిగేదాకా మూడో పుస్తకం ఆరో అధ్యాయం మీదే ఉండండి. రోహన్ రాజు థియోడెన్ కొలువు అది. రాజు నడుం వంగిపోయి, తెల్లటి ఎముక పిడి ఉన్న పొట్టి నల్ల కర్ర మీద ఆనుకుని ఉంటాడు. కాళ్ళ దగ్గర మెట్ల మీద సలహాదారు గ్రిమా. మాంత్రికుడు గాండాల్ఫ్ రాజుని సింహాసనం మీంచి లేపి వాకిట్లోకి తీసుకొస్తాడు. కర్ర రాళ్ళ మీద పడి టకటకమంటుంది. ఆ తర్వాత గాండాల్ఫ్ గొంతు తగ్గించి ఏదో చెబుతాడు.

ఏం చెప్పాడు? రచయిత రాయలేదు. రాజుకి తప్ప ఎవరికీ వినపడలేదని మాత్రం రాశాడు. వింటున్నకొద్దీ రాజు కళ్ళలో వెలుగు పెరుగుతుంది. చివరికి లేచి నిటారుగా నిలబడతాడు, ఇద్దరూ తూర్పు వైపు చూస్తారు. అప్పుడుగానీ గాండాల్ఫ్ గొంతు పెంచడు.

పెన్సిల్ ఇక్కడ తియ్యాలి. మాట వినపడలేదు కాబట్టి దాని చుట్టూ ఉన్నవాటి కింద గీత గీయండి: దగ్గర ఎవరున్నారు, విన్న మనిషి ఒంట్లో ఏం మారింది, చూపు ఎటు పోయింది. తూర్పున ఉన్నది మోర్డోర్, అంటే కథలోని శత్రువు సౌరాన్ దేశం. ఇప్పుడు ఒక్క అధ్యాయం వెనక్కి, ఫాంగోర్న్ అడవికి వెళ్ళండి. శత్రువు బలం దాగున్న ఉంగరాన్ని ఎవరైనా వాడుకోవాలనుకుంటారే తప్ప నాశనం చేయాలనుకుంటారని శత్రువుకి తట్టనే తట్టదని గాండాల్ఫ్ స్నేహితులకి విడమరిచి చెప్పేది అక్కడే. ఈ రెండూ పక్కపక్కన పెడితే రాజు చెవిలో పడిన మాటేమిటో దాదాపుగా తెలిసిపోతుంది: కథానాయకుడు ఫ్రోడో ఉంగరాన్ని నాశనం చేయడానికి, దాన్ని పట్టుకుని శత్రువు ఇంటికే వెళ్తున్నాడు.

మా తమ్ముడు ముందు సినిమా చూశాడు. ముసలి రాజుకి పట్టిన దయ్యాన్ని గాండాల్ఫ్ వదిలించినట్టు ఉంటుంది అందులో. ‘మంత్రం వేశాడు కదా’ అన్నాడు. ఏమీ అనకుండా ఈ పేజీ తీసి ముందు పెట్టాను. రెండుసార్లు చదివి, ‘మంత్రం ఏదీ?’ అన్నాడు. పుస్తకంలో కాస్త మాయ ఉంది, లేదనను. కానీ మనిషి నిలబడింది మాత్రం ఆరుబయట గాలికీ ఆ రహస్యానికీనే.

ఇక గ్రిమా. మంథర కైకేయికి ఏం నూరిపోసిందో రామాయణంలో మాటకి మాట వింటాం. గ్రిమా ఇన్నాళ్ళూ రాజుకి ఏం నూరిపోశాడో ఇక్కడ వినం. మీ వయసైపోయింది, ఒంట్లో బాగాలేదు, ఇప్పుడెందుకు కదలడం, ఇలాంటివే అయ్యుంటాయని రాజు వంగిన నడుమే చెబుతుంది. అందుకని నేను గుసగుసలకి రెండు గుర్తులు పెట్టుకున్నాను. విన్నవాడు లేస్తే పైకి బాణం, కూలబడితే కిందికి బాణం. బాణం పక్కన, చెప్పినవాడికి ఏం ముడుతుందో ఒక్క ముక్కలో రాసుకోండి. గ్రిమా పక్కన నేను రాసుకున్నది ‘ఎయోవిన్’, అతను ఆశపడ్డ రాజు మేనకోడలు. గాండాల్ఫ్ పక్కన రాయడానికి ఏమీ దొరకలేదు.

(కథ ముందే తెలిసిపోతుందని టెన్షన్ పడేవాళ్ళు ఈ పేరా దాటెయ్యండి.) గొండోర్ పాలకుడు డెనెథోర్ దగ్గర ఈ పద్ధతి కొంచెం తడబడుతుంది. అతని చెవిలో ఊదేవాడు ఎవడూ లేడు, దూరాన జరిగేవి చూపించే మాయ రాయి ఉంది. శత్రువుల నల్ల తెరచాపల ఓడలు వస్తున్నాయని రాయి చూపించింది నిజమే. వాటిలో సాయానికి వస్తున్నది గొండోర్ సింహాసనానికి వారసుడైన ఆరగోర్న్ అని మాత్రం అతనికి తెలియలేదు. నేను కిందికి బాణం వేసి పక్కన ‘సగం నిజం’ అని రాసుకున్నాను.

అందరి ముందే చెప్పినా దాగి ఉండే ఆశని పట్టుకోవడం అన్నిటికన్నా కష్టం. వారణావతానికి వెళ్ళే ధర్మరాజుకి విదురుడు నలుగురి ముందే మర్మంగా హెచ్చరిక చెప్పాడు. కుంతి కూడా తర్వాత అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. ఇక్కడ ఆ మర్మం ఒక పేరులో ఉంది. మూడో సంపుటం చివరి అనుబంధాల్లో ‘ఎ’ తీయండి. రెండేళ్ళకే తండ్రిని పోగొట్టుకున్న ఆరగోర్న్‌ని, ఎల్ఫ్‌లనే చావులేని జాతి పెద్దల్లో ఒకడైన ఎల్రోండ్ పెంచుతూ ఎస్తెల్ అని పిలిపించాడు. అంటే ఆశ. ఎవరి వారసుడో ఆ పిల్లాడికే ఇరవయ్యేళ్ళ దాకా చెప్పలేదు. ‘మనవాళ్ళకి ఆశనిచ్చాను, నాకంటూ ఏదీ మిగుల్చుకోలేదు’ అన్న అర్థం వచ్చే మాట తల్లి గిల్రైన్ అతనితో ఆఖరిసారి అంటుంది. ఆ మాటలో కొడుకు పేరూ ఉందని గమనించకపోతే సగమే చదివినట్టు. టోల్కీన్ పోయాక, 1993లో అచ్చయిన ఒక రచనలో ఎల్ఫ్‌లకి ఆశ అనడానికి రెండు మాటలున్నాయి. అమ్‌దిర్ అంటే ఏదో ఆధారం చూసుకుని పెట్టుకునే ఆశ. ఆధారాలన్నీ పోయినా వదలనిది ఎస్తెల్. ఇది తెలిశాక నా పైకి బాణాలన్నీ ఒకసారి తిరగేసి, ఏది ఏదో పక్కన రాసుకున్నాను. థియోడెన్‌ది ఏదో ఇంకా తేల్చుకోలేదు.

చెయ్యి తిరిగాక మొదటి పుస్తకం రెండో అధ్యాయానికి వెళ్ళండి. లోపల గాండాల్ఫ్, ఫ్రోడో ఉంగరం సంగతి మాట్లాడుకుంటున్నారు. మధ్యలో ఒకచోట తోటలోంచి ఫ్రోడో తోటమాలి సామ్ గడ్డి కత్తిరిస్తున్న చప్పుడు వినిపిస్తుంది. చాలా పేజీల తర్వాత గాండాల్ఫ్ చటుక్కున ఆగి చెవి రిక్కిస్తాడు. లోపలా బయటా నిశ్శబ్దం. కిటికీలోంచి చెయ్యి చాపి సామ్‌ని చెవి పట్టుకుని లేపుతాడు. కత్తెర చప్పుడు ఎప్పుడు ఆగిందో రచయిత ఎక్కడా రాయలేదు. ఏ మాట దగ్గర ఆగి ఉంటుందో ఊహించి, అక్కడ పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టండి. నా పుస్తకంలో అలాంటి చుక్కలు మూడున్నాయి, మూడు వేరువేరు పేజీల్లో.