కట్టడాల్ని చదవడం, 4వ పాఠం: లెయ్‌ఫెంగ్ పగోడా, కింది నుంచి పైకి

కిందటి పాఠం చివర ఒక ఫొటో ఇచ్చి "ఈ పగోడా ఎప్పటిది?" అని అడిగాను. ఈసారి చూరుల గురించి చెబుదామనుకున్నాను గానీ మీ జవాబులు చూశాక కుదరలేదు. సగం మంది "975" అని రాశారు. మిగతా సగం "2002లో కట్టిన డూప్లికేట్ మాస్టారూ, ఇందులో చూడ్డానికేముంది" అన్నారు. ఒకాయనైతే రెండూ కూడి రెండుతో భాగించాడో ఏమో, "పదిహేనో శతాబ్దం" అని తేల్చేశాడు. తప్పు నాదే, ప్రశ్నే అలా అడగకుండా ఉండాల్సింది.

అది చైనాలోని హాంగ్‌జౌ ఊళ్లో, వెస్ట్ లేక్ దక్షిణపు ఒడ్డున ఉన్న లెయ్‌ఫెంగ్ పగోడా. ఎలా వెళ్లాలి, టికెట్ ఎంత అన్నవి ఫోన్ చెబుతుంది, నేను చెప్పను.

నాకు ఒళ్లు మండేది "ఒరిజినలా, డూప్లికేటా" అన్న మాట దగ్గర. సరే, ఒరిజినల్ అంటే ఏది? వూయుఎ అనే రాజ్యపు రాజు చియాన్ చు పదో శతాబ్దంలో కట్టించింది లోపల ఇటుక, బయట చెక్క చూరులు, వసారాలతో ఉండేది. పదహారో శతాబ్దంలో సముద్రపు దొంగలు వచ్చి నిప్పు పెడితే చెక్కంతా కాలిపోయి ఎర్రటి ఇటుక మొండెం ఒక్కటే మిగిలింది. ఆ తర్వాత దాదాపు 400 ఏళ్లు జనం చూసింది ఆ మొండేన్నే, బొమ్మలు గీసుకున్నదీ, పాత ఫొటోల్లో కనిపించేదీ అదే. ఇప్పుడున్న దానికి మళ్లీ చూరులు పెట్టారు. అంటే కొత్తది పోలింది పదో శతాబ్దపు రూపాన్ని, మన తాతల కాలంలో హాంగ్‌జౌ వాళ్లు ఎరిగిన పగోడాని కాదు. ఇందులో ఒరిజినల్ ఏదో మీరే చెప్పండి. అందుకే "ఎప్పటిది" అని మొత్తానికి ఒకే ప్రశ్న వేయకండి. పునాది ఎప్పటిది, ఇటుక ఎప్పటిది, చూరు ఎప్పటిది, పేరు ఎప్పటిది అని దేనికది విడిగా అడగండి. ఇది మూడో పాఠంలోనే చెప్పాను, ఎవరూ పట్టించుకోలేదు.

ఇక ఇటుక. దీని దగ్గర కాసేపు ఆగాలి. కొన్ని ఇటుకలకు ఒక పక్కన గుండ్రటి బెజ్జం ఉండేది, అందులో వేలి లావు కాగితపు చుట్ట, దాని మీద అచ్చువేసిన బౌద్ధ ధారణి, అంటే మంత్రపాఠం. రాజు 84,000 ప్రతులు వేయించి ఈ పగోడాలో పెట్టించాడని ఆ చుట్ట మొదట్లోనే ఉంటుంది, 975 అన్న ఏడూ అక్కడిదే. 84,000 ఎందుకంటే అశోకుడు అన్ని స్తూపాలు కట్టించాడని కథ కాబట్టి. ఈ ఇటుక పొడి తాగితే రోగాలు తగ్గుతాయని, గర్భం నిలుస్తుందని జనం నమ్మి, తలా ఒకటి పీక్కుపోయారు. అడుగు గుల్లయిపోయి 1924 సెప్టెంబరు 25న మధ్యాహ్నం మొత్తం కూలింది. భక్తితో కూల్చారన్న మాట! చైనా వాళ్ల తెల్లపాము కథలో, ఆడమనిషి రూపమెత్తిన పాము బై సుజెన్‌ని ఫాహాయ్ అనే సన్యాసి పాతిపెట్టింది ఈ పగోడా కిందే, కాబట్టి కూలినందుకు లోలోపల సంతోషించిన వాళ్లూ లేకపోలేదు.

2001లో శిథిలాల కింద నేలమాళిగ తెరిస్తే వెండితో చేసిన చిన్న అశోక స్తూపం దొరికింది. 2002 అక్టోబరులో పైన ఉక్కుతో కొత్త పగోడా తెరిచారు, 71 మీటర్ల ఎత్తు.

వెళ్తే నేను చేసినట్టు చేయకండి. మొదటిసారి ఎస్కలేటర్, ఆ పైన లిఫ్ట్, ఫొటోలు, దిగి బయటికొచ్చేశాను. కూలిన పాత పగోడా శిథిలం కింది అంతస్తులో అద్దాల వెనక ఉందని హోటల్‌కి వచ్చాక తెలిసింది. రెండోసారి ముందు అక్కడికే వెళ్లాను. విరిగిన ఇటుకల గుట్ట, మధ్యమధ్య మట్టి, దాని మీద జనం విసిరిన నాణేలు, నలిగిన నోట్లు. ఇటుకలు ఎత్తుకుపోయిన చోటే ఇప్పుడు డబ్బులు వేసి వెళ్తున్నారు. అది చూశాక పైకెక్కితే సరస్సు ఇంకోలా ఉంటుంది. ఎక్కడం లిఫ్ట్‌లో, దిగడం మెట్ల మీద, ఇది నా అలవాటు, మోకాళ్లు బాగున్న వాళ్లు తిరగేసుకోవచ్చు. సాయంత్రం మాత్రం వదులుకోకండి, అస్తమయ కాంతిలో ఈ పగోడా వెస్ట్ లేక్ పది దృశ్యాల్లో ఒకటి.

ఇలాంటివే ఇంకో రెండు. వూహాన్‌లోని పసుపు కొంగ బురుజు 1884లో కాలిపోయింది, 1985లో మళ్లీ కట్టారు, కానీ పాత చోట యాంగ్జీ వంతెన వచ్చేసింది కాబట్టి కొంచెం అవతల. అక్కడ "చోటు ఎప్పటిది" అని కూడా అడగాలి. నాన్జింగ్ పింగాణీ పగోడా సంగతి మీరే చూసుకోండి.

అభ్యాసం. శ్రీకాళహస్తి రాజగోపురం శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించింది, 2010 మే 26న కూలింది, 2017లో కొత్తదానికి కుంభాభిషేకం చేశారు. మీరు పంపాల్సింది ఈ మూడు ఏళ్లు కాదు. కూలకముందు తీసిన ఒక ఫొటో, ఇప్పటి ఫొటో పక్కపక్కన పెట్టుకుని పునాది, రాయి, ఇటుక, బొమ్మలు, కలశాలు, రంగు విడివిడిగా రాసి, ఒక్కోదానికి ఎదురుగా అది ఎప్పటిదో, ఆ సంగతి ఎక్కడ చదివారో రాయండి. కనీసం పన్నెండు వరుసలు. నెట్‌లో మొదట కనపడిన సంవత్సరం రాసి పంపిన వాళ్లది వెనక్కి పంపేస్తాను.