పాత కంప్యూటర్‌కి తేలికైన మ్యూజిక్ ప్లేయర్: ఒక్క సాయంత్రంలో పరీక్షించి చూడటం ఎలా?

మా నాన్నగారి క్యాసెట్ల నుంచి ఎక్కించిన పాటలన్నీ 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి. బ్రౌజర్ తెరిచి పాట పెడితే ఫ్యాన్ గోలే పాటకంటే ఎక్కువ వినిపిస్తుంది. అలాంటి మెషీన్‌కి ఏ ప్లేయర్ సరిపోతుందో తెలుసుకోవాలంటే ఫీచర్ల జాబితా చదివితే చాలదు, మన పాటలతోనే నడిపించి చూడాలి. ఇక్కడ విండోస్‌లో నడిచే ఫూబార్2000 అనే ప్లేయర్‌ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. 2002 నుంచి ఉచితంగా దొరుకుతోంది. తయారుచేసిన పీటర్ పావ్‌లోవ్‌స్కీ అంతకుముందు విన్‌యాంప్ అనే పాత మ్యూజిక్ ప్లేయర్‌ని తెచ్చిన నల్‌సాఫ్ట్ కంపెనీకి పనిచేసినవాడు. వేరే ప్లేయర్‌ని చూస్తున్నా ఇవే పరీక్షలు పెట్టొచ్చు.

ముందు పరీక్ష ఫోల్డర్

ఒక కొత్త ఫోల్డర్‌లోకి ఓ ఇరవై ఫైళ్లు కాపీ చేయండి. అసలు ఫైళ్లను కదపకండి, ఎందుకంటే తర్వాత వీటిలో మార్పులు చేస్తాం. క్యాసెట్ నుంచి ఎక్కించిన పాట ఒకటి, కొత్త సినిమా పాట ఒకటి, తెలుగు అక్షరాల్లో పేరున్న ఫైలు, ఒక ఫ్లాక్ (నాణ్యత తగ్గకుండా కుదించిన) ఫైలు, గంట దాటిన హరికథ లేదా ప్రవచనం ఉండాలి. రాగం, తానం, పల్లవి విడివిడి ట్రాకులుగా ఉన్న కచేరీ రికార్డింగ్ ఉంటే తప్పకుండా చేర్చండి.

ఇన్‌స్టాల్

ప్లేయర్‌ని దాని అసలు సైట్ నుంచే దించుకోండి. ఫూబార్ సెటప్‌లో పోర్టబుల్ ఇన్‌స్టాల్ అనే ఎంపిక వస్తుంది, పరీక్షకి అదే మేలు. సెట్టింగులన్నీ ఆ ఫోల్డర్‌లోనే ఉంటాయి కాబట్టి, నచ్చకపోతే ఫోల్డర్ తీసేస్తే సరిపోతుంది. ఏ ప్లేయరైనా ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు వేరే సాఫ్ట్‌వేర్ అంటగడుతున్నా, అకౌంట్ తెరవమన్నా అక్కడితో వదిలేయండి. మన డిస్కులో ఉన్న పాట వినడానికి లాగిన్ ఎందుకు?

బరువు

ప్లేయర్ తెరిచి పాట పెట్టాక కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్‌లో రెండు నిమిషాలు సీపీయూ, మెమొరీ అంకెలు చూడండి. పరీక్ష ఫోల్డర్ ఒక్కటే ఎక్కించినప్పుడు మెమొరీ 100 ఎంబీ లోపు ఉండి, సీపీయూ దాదాపు సున్నా దగ్గర ఆడుతుంటే దాన్ని తేలికైనది అనొచ్చు. ఇది నేను పెట్టుకున్న గీత. ఆ తర్వాత మీ మొత్తం పాటల ఫోల్డర్‌ని మీడియా లైబ్రరీకి కలిపి మళ్లీ చూడండి. అసలు తేడా బయటపడేది వేల పాటలు ఎక్కించాకే.

తెలుగు

నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. పాట పేరు, పాడినవారు లాంటి వివరాలు ఫైల్‌లోనే రాసి ఉండే చోటుని ట్యాగ్ అంటారు. పాత ఎంపీ3 ఫైళ్లలో ఐడీ3వీ1 అనే ట్యాగ్ ఉంటుంది. పాట పేరుకి అందులో 30 అక్షరాల చోటే ఉంది, అదీ లాటిన్ లిపికే. అందుకే పాత పాటల వివరాలు ఇంగ్లీషు అక్షరాల్లో, సగంలో తెగిపోయి కనిపిస్తాయి. చాలావాటిలో పాట పేరు పక్కన ఏదో డౌన్‌లోడ్ సైట్ పేరు కూడా అతుక్కుని ఉంటుంది.

ఒక పాట మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. పేరు తెలుగులో టైప్ చేసి సేవ్ చేయండి. ప్లేయర్ మూసి, మళ్లీ తెరిచి చూడండి. డబ్బాలో, ప్రశ్నార్థకాలో వస్తే ఆ ప్లేయర్ మనకు పనికిరాదు. ఒత్తులు, గుణింతాలు విడిపోకుండా ఉన్నాయా? సెర్చ్‌లో తెలుగు పదం కొడితే పాట దొరుకుతోందా? అదే ఫైల్‌ని ఫోన్‌లో వేసి కూడా చూసుకోండి.

మరొకటి. ఒకే వాగ్గేయకారుడు కొన్ని ఫైళ్లలో అన్నమయ్యగా, కొన్నింటిలో అన్నమాచార్యగా ఉంటాడు, ఇంగ్లీషు స్పెల్లింగులు ఇంకో నాలుగు రకాలు. ఆ ఫైళ్లన్నీ ఒకేసారి సెలెక్ట్ చేసి ప్రాపర్టీస్‌లో పేరు ఒక్కసారి మారిస్తే అన్నింటికీ పడాలి. ఫూబార్‌లో ఇది చక్కగా కుదురుతుంది. ఒక్కొక్కటిగా మార్చమనే ప్లేయర్‌తో పెద్ద సేకరణని సర్దడం మనవల్ల కాదు.

వినడం

కచేరీ ట్రాకులు వరసగా పెట్టి, ఒకటి ముగిసి రెండోది మొదలయ్యే చోట చెవి పెట్టండి. శ్రుతి తెగకూడదు. తర్వాత క్యాసెట్ పాట, దాని వెంటనే కొత్త పాట పెట్టండి. మొదటిది నూతిలోంచి వినిపిస్తుంది, రెండోది చెవులు అదరగొడుతుంది. దీనికి మందు రీప్లేగెయిన్, అంటే పాటలన్నీ దాదాపు ఒకే శబ్దస్థాయిలో వినిపించేలా చేసే సదుపాయం. పాటలు సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్ మెనూలో రీప్లేగెయిన్ కింద స్కాన్ చేయించండి. కంట్రోల్, పీ నొక్కి ప్రిఫరెన్సెస్‌లో ప్లేబ్యాక్ పేజీకి వెళ్లి, మోడ్ ట్రాక్ అనీ, ప్రాసెసింగ్ అప్లై గెయిన్ అనీ పెట్టండి. ఇది పాట ధ్వనిని మార్చదు, ఎంత పెంచాలో ఎంత తగ్గించాలో ఒక అంకెని ట్యాగ్‌లో రాసుకుంటుంది అంతే. మా ఇంట్లో రాత్రిపూట వాల్యూమ్ కోసం పరుగెత్తే బాధ దీనితోనే తీరింది.

హరికథ ఫైలు పెట్టి మధ్యలోకి జరపండి, వెంటనే అందుకోవాలి. ప్లేయర్ మూసి తెరిచాక ఆపిన చోటు గుర్తుంచుకుంటుందో లేదో కూడా చూడండి.

ఫూబార్ మొదటి చూపుకి బోసిగా ఉంటుంది. ఆల్బమ్ బొమ్మలు, రంగులు కావాలనుకునేవారికి ఏఐఎంపీ అనే ప్లేయర్ నచ్చవచ్చు. లినక్స్ వాడేవారు ఆడేషియస్ అనే ప్లేయర్‌తో ఇదే పరీక్ష పెట్టండి, అదీ ఉచితమే, పాత విన్‌యాంప్ స్కిన్‌లు (పైరూపాలు) కూడా వేసుకోవచ్చు. ఏది నచ్చినా వారం రోజులు పరీక్ష ఫోల్డర్‌తోనే వాడి, ఆ తర్వాతే మొత్తం పాటల ట్యాగులు మార్చడం మొదలుపెట్టండి. అంతకుముందు అన్నింటికీ ఒక కాపీ బయటి డిస్కులో పెట్టుకోవాలి, ఒకసారి మార్చి సేవ్ చేశాక పాత ట్యాగ్ వెనక్కి రాదు.