ఇంగ్లండ్ పల్లెటూరి చర్చి పెళ్లి రిజిస్టర్‌లో పూర్వీకుల్ని వెతకడం ఎలా

మా అల్లుడిది ఇంగ్లండ్, వాళ్ల పూర్వీకులు సఫోక్ కౌంటీలో ఒక చిన్న ఊరివాళ్లు. మనవరాలికి రెండు వైపులా వంశవృక్షం రాసిపెట్టాలని మొదలుపెట్టి, మూడేళ్లుగా ఆ చుట్టుపక్కల చర్చిల పెళ్లి రిజిస్టర్లు చదువుతున్నాను. ఇప్పుడు మన ఇళ్లలోనూ ఇంగ్లిష్ కోడళ్లు, అల్లుళ్లు ఉన్నారు కాబట్టి నాకు పట్టుబడిందంతా రాస్తున్నాను. అన్నిటికంటే ముఖ్యమైనది ముందే చెప్తాను: వెబ్‌సైట్‌లో పేరు కొడితే వచ్చే ఒక్క లైను చూసి ఆగిపోకండి. అది ఎవరో చదివి టైప్ చేసింది. అసలు పేజీ ఫోటో తెరిచి చదవాలి, దాని పైనా కిందా ఉన్న పెళ్లిళ్లతో సహా.

మొదట పెళ్లి ఏ ఊళ్లో జరిగిందో చూసుకోవాలి. మన దగ్గర ఆడపిల్లవాళ్లింట్లో పెళ్లి చేసే ఆనవాయితీ ఉన్నట్టే అక్కడా ఎక్కువగా పెళ్లికూతురి ఊరి చర్చిలోనే చేసేవాళ్లు. అబ్బాయి ఊరొక్కటే గాలిస్తే దొరకదు, చుట్టూ నాలుగైదు మైళ్లలో ఉన్న పారిష్‌లన్నీ (ఒక్కో చర్చి కిందకి వచ్చే ప్రాంతాన్ని పారిష్ అంటారు) చూడాలి. ఫ్రీరెగ్, ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్లు రెండూ ఉచితం, అక్కణ్ణించి మొదలుపెట్టండి. యాన్సెస్ట్రీ, ఫైండ్‌మైపాస్ట్‌లకు డబ్బు కట్టాలి, కానీ ఇంగ్లండ్‌లో ఉంటే మీ ఊరి లైబ్రరీలో అడిగి చూడండి, చాలాచోట్ల అక్కడి కంప్యూటర్లలో ఊరికే చూడనిస్తారు. అసలు పుస్తకాలు చాలావరకు కౌంటీ ఆర్కైవ్స్‌లో, అంటే పాత రికార్డులు దాచే ఆఫీసులో ఉంటాయి.

తర్వాత సంవత్సరం. ఏ కాలం పెళ్లో తెలిస్తే పేజీలో ఏం దొరుకుతుందో ముందే తెలిసిపోతుంది. రిజిస్టర్లు రాయాలని ఎనిమిదో హెన్రీ కాలంలో, 1538లో ఆ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞ ఇచ్చాడు. అప్పటినుంచి 1754 దాకా చాలా ఊళ్లలో తేదీ, ఇద్దరి పేర్లు, అంతే. 1733కు ముందు లాటిన్ కూడా తగులుతుంది, విలియమ్‌ని గులియెల్మస్ అని, జేమ్స్‌ని జాకోబస్ అని రాసేవాళ్లు. 1653 నుంచి 1660 దాకా పెళ్లి బాధ్యత చర్చి నుంచి తీసి మేజిస్ట్రేట్లకు ఇచ్చారు, కాబట్టి అక్కడ ఖాళీ కనిపిస్తే కంగారు పడొద్దు.

నేను బాగా దెబ్బతిన్నది తేదీల దగ్గర. రిజిస్టర్‌లో ఫిబ్రవరి 1720 అని ఒక పెళ్లి ఉంది, అవే పేర్లున్న దంపతుల మొదటి బిడ్డకు డిసెంబరు 1720లో బాప్తిస్మం. పది నెలలు, లెక్క సరిపోయిందని సంబరపడి, ఆ జంట మీద రెండు వారాలు పనిచేశాను. కానీ ఇంగ్లండ్‌లో 1752కు ముందు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అంటే వాళ్లు ఫిబ్రవరి 1720 అని రాసింది మన లెక్కలో ఫిబ్రవరి 1721. బిడ్డ బాప్తిస్మం తర్వాత రెండు నెలలకు పెళ్లి! వెతికితే అవే పేర్లతో ఇంకో జంట పక్క ఊళ్లో, మూడేళ్ల ముందు దొరికింది. అందుకని జనవరి నుంచి మార్చి 24 వరకు ఉన్న ఏ పాత తేదీనైనా 1720/21 అని రెండు సంవత్సరాలూ వేసి రాసుకోండి.

1754 మార్చి 25 నుంచి లార్డ్ హార్డ్‌విక్ తెచ్చిన పెళ్లిళ్ల చట్టం అమల్లోకి వచ్చింది, పెళ్లిళ్లకు విడిగా రిజిస్టర్ వచ్చింది. మూడు ఆదివారాలు చర్చిలో పెళ్లి ప్రకటన చదవాలి, లేదంటే లైసెన్స్ తీసుకోవాలి. మన సీఎస్ఐ చర్చిల్లో చదివే పెళ్లి ప్రకటనలు ఈ పద్ధతిలోవే. క్వేకర్లు (ఒక చిన్న క్రైస్తవ శాఖ), యూదులు తప్ప క్యాథలిక్కులైనా బాప్టిస్టులైనా 1837 దాకా చట్టప్రకారం పారిష్ చర్చిలోనే చేసుకోవాలి, కాబట్టి మావాళ్లు వేరే శాఖ అని రిజిస్టర్ వదిలేయకండి. ఈ కాలంలో వయసు, తండ్రి పేరు ఉండవు. కానీ సంతకాలుంటాయి! చదువు రానివాళ్లు మన పాత దస్తావేజుల్లో నిశానీ పెట్టినట్టే ఒక ఇంటూ గుర్తు పెట్టేవాళ్లు, చుట్టూ పేరు రాసింది ఇంకొకరు. నేను చూసిన ఒక పేజీలో పెళ్లికొడుకు పెట్టింది వణికిన ఇంటూ, పెళ్లికూతురిది మాత్రం గుండ్రటి అక్షరాలతో పూర్తి సంతకం. సిరా ఒకచోట బాగా ఒత్తి ఉంది. ఆ అమ్మాయి చెయ్యి కాగితం మీద ఆగిన చోటది, ఆ రోజు ఇంకేమీ చదవబుద్ధి కాలేదు.

సాక్షుల పేర్లు తప్పకుండా రాసుకోండి. ప్రతి పెళ్లికీ ఒకే పేరు కనిపిస్తే అతను చర్చి క్లర్కు అయ్యుంటాడు, పక్కన పెట్టొచ్చు. రెండో పేరే అక్కో, అన్నో, మేనమామో అయ్యే అవకాశం ఎక్కువ.

1754 తర్వాత వాడిన అచ్చు రిజిస్టర్ల ముందుపేజీలో ఎలా నింపాలో చూపించే నమూనా ఉండేది. హాంప్‌షైర్‌లోని స్టీవెంటన్ ఊరి రిజిస్టర్‌లో ఆ నమూనాని నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్ చిన్నప్పుడు తన పేరుతో నింపేసింది, వాళ్ల నాన్నే అక్కడి చర్చి గురువు. ప్రకటనలో వరుడు లండన్ ఫిట్జ్‌విలియమ్, పెళ్లిలో లివర్‌పూల్ మోర్టిమర్, సాక్షుల దగ్గర జాక్ స్మిత్ భార్యగా మళ్లీ తనే! ముందుపేజీలు గబగబా తిప్పేయకూడదని నేను దాన్ని చూసే నేర్చుకున్నాను.

1837 జులై 1 నుంచి పని సులువు. వయసు, వృత్తి, ఉండే చోటు, ఇద్దరి తండ్రుల పేర్లు, వాళ్ల వృత్తులు అన్నీ ఒకే వరసలో ఉంటాయి. వయసు దగ్గర ‘ఫుల్ ఏజ్’ అని ఉంటే 21 నిండాయనే అర్థం, అంతకుమించి ఊహించకండి. తల్లి పేరు ఉండదు. అది చేరింది 2021 మే 4న, అంటే నిన్న మొన్న.

పేజీ చిరిగినా, తడిసి అక్షరాలు పోయినా, ఏటా బిషప్‌కి పంపిన నకళ్లు వేరుగా ఉంటాయి, ఆర్కైవ్స్‌లో వాటిని అడగండి. పేజీ ఫోటో దాచుకునేటప్పుడే పారిష్ పేరు, సంవత్సరం, ఎంట్రీ నంబరు, ఆర్కైవ్స్ వాళ్ల రిఫరెన్స్ నంబరు ఫైలు పేరులో పెట్టండి, ఆర్నెల్ల తర్వాత అదే పేజీ కోసం మళ్లీ వందల ఫోటోలు తిప్పాల్సిన పని ఉండదు.