ఎల్‌టిస్పైస్‌లో మాస్‌ఫెట్ స్విచింగ్ నష్టాలు లెక్కగట్టడం

మాస్‌ఫెట్ ఆన్, ఆఫ్ అయ్యే క్షణాల్లో పోయే శక్తిని (స్విచింగ్ నష్టం) సర్క్యూట్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ అయిన ఎల్‌టిస్పైస్‌లో కొలవడానికి పూర్తి ఇన్వర్టర్‌ను (డీసీని ఏసీగా మార్చేది) గీసి కూర్చోకండి. ఒక్క హాఫ్ బ్రిడ్జితో (ఒకదాని కింద ఒకటి కలిపిన రెండు మాస్‌ఫెట్‌లు) డబుల్ పల్స్ టెస్ట్ చాలు, అంటే కింది మాస్‌ఫెట్ గేట్‌కు రెండు పల్స్‌లు ఇచ్చి దాని నష్టాన్ని కొలవడం. మామూలు ఐడియల్ స్విచ్ మాత్రం పనికిరాదు, అందులో స్విచింగ్ నష్టమే కనిపించదు. తయారీదారు ఇచ్చిన స్పైస్ మోడల్ తీసుకోండి.

సిలికాన్ కార్బైడ్ మాస్‌ఫెట్‌కు ఉదాహరణ: బస్ (డీసీ సరఫరా) 400 వోల్టులు, పై మాస్‌ఫెట్‌కు సమాంతరంగా 200 మైక్రోహెన్రీల ఇండక్టర్. కరెంటు మైక్రోసెకనుకు 2 ఆంపియర్ల చొప్పున పెరుగుతుంది కాబట్టి 20 ఆంపియర్లకు మొదటి పల్స్ 10 మైక్రోసెకన్లు. తర్వాత 2 మైక్రోసెకన్ల విరామం, మళ్లీ 2 మైక్రోసెకన్ల పల్స్. పై గేట్‌ను మైనస్ 4 వోల్టుల దగ్గరే ఉంచండి, విరామంలో దాని లోపలి బాడీ డయోడ్ కరెంటు మోస్తుంది. ఆఫ్ నష్టం మొదటి పల్స్ చివర, ఆన్ నష్టం రెండో పల్స్ మొదట్లో కొలవాలి.

ఎక్కువ మంది తప్పేది స్ట్రే ఇండక్టెన్స్ (తీగలు, కాళ్ల వల్ల దానంతటదే వచ్చే ఇండక్టెన్స్) దగ్గర. బస్ లూప్‌లో 10 నుంచి 20 నానోహెన్రీలు పెట్టకపోతే ఆన్ నష్టం ఎక్కువగా, ఆఫ్ నష్టం తక్కువగా వస్తాయి. మూడు కాళ్ల ప్యాకేజీలో సోర్స్ కాలి ఇండక్టెన్స్ గేట్ లూప్‌లోనూ ఉంటుంది. కొన్ని నానోహెన్రీలే అయినా స్విచింగ్‌ను నెమ్మదింపజేసి రెండు నష్టాలనూ పెంచుతుంది. మోడల్‌లో అది ముందే ఉందేమో ఫైల్ తెరిచి చూడండి, రెండుసార్లు కలపకూడదు.

గరిష్ఠ టైమ్ స్టెప్ 0.5 నానోసెకన్లు ఉంచి, ప్లాట్‌విన్‌సైజ్ ఆప్షన్‌ను సున్నా చేయండి. లేకపోతే వేవ్‌ఫారం కుదింపు వల్ల ఇంటిగ్రల్ తప్పుతుంది. డ్రెయిన్-సోర్స్ వోల్టేజిని డ్రెయిన్ కరెంటుతో గుణించి, ఒక్క అంచు మేరకే జూమ్ చేసి, కంట్రోల్ కీ నొక్కి ట్రేస్ పేరు మీద క్లిక్ చేస్తే ఎనర్జీ చూపిస్తుంది. రింగింగ్‌ను (అంచు తర్వాత వచ్చే ఊగిసలాటను) ఎంతవరకు కలపాలో డేటాషీట్ నిర్వచనాన్ని బట్టి తేల్చుకోండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆఫ్ అయ్యేటప్పుడు కొలిచిన దాంట్లో కొంత అవుట్‌పుట్ కెపాసిటెన్స్‌లో నిల్వ ఉంటుంది. ఆ భాగం ఆన్ అయ్యేటప్పుడు చిప్ లోపలే ఖర్చయిపోతుంది, కాళ్ల దగ్గర కనబడదు. అందుకే హార్డ్ స్విచింగ్‌లో (వోల్టేజి ఉండగానే ఆన్ చేయడంలో) రెండింటి మొత్తమే నమ్మదగినది. జీరో వోల్టేజ్ స్విచింగ్ (వోల్టేజి సున్నాకు వచ్చాకే ఆన్ చేసే) కన్వర్టర్‌కు ఆ ఆఫ్ అంకెను నేరుగా వాడితే నష్టం ఎక్కువ చూపిస్తుంది.

మొత్తం 300 మైక్రోజౌళ్లు వస్తే 50 కిలోహెర్ట్జ్ దగ్గర 15 వాట్లు. ఇన్వర్టర్‌కు మాత్రం ఒక్క అంకె సరిపోదు, సైన్ తరంగంలో కరెంటు మారుతూ ఉంటుంది. 5, 10, 20, 30 ఆంపియర్ల దగ్గర, 25, 125 డిగ్రీల వద్ద పట్టిక తయారు చేసి ప్లెక్స్ (PLECS) అనే పవర్ ఎలక్ట్రానిక్స్ సిమ్యులేటర్‌లో ఇవ్వండి. అంతకంటే ముందు డేటాషీట్‌లోని గేట్ రెసిస్టర్, వోల్టేజి, కరెంటు, ఉష్ణోగ్రతలతోనే ఒకసారి రన్ చేసి, అందులోని అంకెలతో పోల్చండి. బాగా తేడా వస్తే ముందు స్ట్రే ఇండక్టెన్స్‌నూ, తర్వాత మోడల్‌లో బాడీ డయోడ్ రివర్స్ రికవరీనీ (డయోడ్ ఆగేటప్పుడు కాసేపు వెనక్కి పారే కరెంటునూ) అనుమానించండి.