అమెరికాలో ఫాల్ సెమిస్టర్: క్యాంపస్ సందడిలో చోటు సంపాదించుకోవడం ఎలా

అమెరికా యూనివర్సిటీల్లో ఫాల్ సెమిస్టర్ చాలాచోట్ల ఆగస్టు చివర్లో మొదలై డిసెంబరు మధ్యకల్లా ముగుస్తుంది. అందులో కొత్తవాళ్లకు తలుపులు బార్లా తెరిచి ఉండేది మొదటి ఐదారు వారాలే. క్లబ్బులు సభ్యుల కోసం వెతుక్కునేది అప్పుడే. చాలామంది కొత్తవాళ్లే కాబట్టి ఎవరి పక్కనైనా కూర్చుని పేరడిగితే వింతగా చూసేవాళ్లుండరు. అక్టోబరులో మిడ్‌టర్మ్స్ వచ్చేసరికి ఎవరి జట్లు వాళ్లకు కుదిరిపోతాయి. "ముందు చదువు గాడిన పడనీ, తర్వాత చూద్దాం" అనుకున్నవాళ్లకు ఆ తర్వాత చోటు దొరకడం కష్టమవుతుంది. సెప్టెంబరు సాయంత్రాలను వృథా చేసుకోకండి.

మొదటి రెండు మూడు వారాల్లో క్లబ్ ఫెయిర్ జరుగుతుంది. ఇన్వాల్వ్‌మెంట్ ఫెయిర్ అని, ఆర్గ్ ఫెయిర్ అని ఒక్కోచోట ఒక్కో పేరు. కనబడ్డ ప్రతి టేబుల్ దగ్గరా ఈమెయిల్ రాసి వస్తే, వారం తిరిగేసరికి వచ్చిపడే మెయిళ్లలో అసలు కావలసింది కనబడదు. నాలుగింటికి మించి పేరు ఇవ్వకండి. ఇచ్చిన చోట మూడు విషయాలు అడగండి: మొదటి మీటింగ్ ఎప్పుడు, ఎక్కడ? వారానికి ఎన్ని గంటలు పడుతుంది? డ్యూస్, అంటే సభ్యత్వ రుసుము, ఎంత? జవాబులు అక్కడికక్కడే ఫోన్ క్యాలెండర్‌లో ఎక్కించేయండి.

మొదటి మీటింగ్‌కి పిజ్జా కోసం వచ్చేవాళ్లే ఎక్కువ. రెండో మీటింగ్‌కి వచ్చేవాళ్లే చివరిదాకా ఉండేవాళ్లు, కాబట్టి రెండోది అస్సలు వదలొద్దు. వెళ్లాక ఏదో ఒక పని మీద వేసుకోండి: కుర్చీలు సర్దడం, వచ్చినవాళ్ల పేర్లు రాసుకోవడం, పోస్టరు డిజైను చేయడం. ఇంగ్లిష్‌లో మాట కలపడానికి మొహమాటపడేవాళ్లకు ఇంతకన్నా తేలిక దారి లేదు. చేతిలో పనుంటే మాటలు వాటంతటవే వస్తాయి.

నాలుగింటిలో చివరకు రెండు నిలుపుకుంటే చాలు. ఒకటి మనవాళ్లది: ఇండియన్ స్టూడెంట్స్ అసోసియేషనో, తెలుగువాళ్ల బృందమో. గది, కిరాయి, జ్వరం, బెంగ అన్నిటికీ ఆదుకునేది వాళ్లే, దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. రెండోది మాత్రం తెలుగు ఒక్క ముక్క వినబడనిది కావాలి: హైకింగ్, కోరస్, క్యాంపస్ రేడియో, ఇంట్రామ్యూరల్ (క్యాంపస్ విద్యార్థుల జట్ల మధ్యే జరిగే) వాలీబాల్, ఏదైనా సరే. ఎంఎస్ విద్యార్థుల్లో చాలామందికి ల్యాబు, క్లాసు, అపార్ట్‌మెంటు మూడూ మనవాళ్లతోనే గడిచిపోతాయి. రెండేళ్ల తర్వాత కూడా ఒక్క అమెరికన్ స్నేహితుడు లేకుండా పట్టా పుచ్చుకునేది అలాగే.

డబ్బుల సంగతి. చాలా యూనివర్సిటీల బిల్లులో స్టూడెంట్ యాక్టివిటీ ఫీజు లాంటి పద్దు ఒకటి ఉంటుంది. సినిమా రాత్రులు, కచేరీలు, నాటకాల రాయితీ టికెట్లు చాలావరకు దానిలోంచే నడుస్తాయి. అంటే మీరు ముందే కట్టేశారు. బాక్సాఫీసులో టికెట్ కొనేముందు స్టూడెంట్ ఐడీ చూపించి స్టూడెంట్ రేటు ఎంతో అడగండి.

ఫాల్ అంటే ఫుట్‌బాల్, మన దగ్గర ఆడేది కాదు, అమెరికన్ ఫుట్‌బాల్. ఆట అర్థం కాదని మానేస్తే క్యాంపస్ మొత్తం ఒక్కచోట చేరే సందర్భం చేజారుతుంది. తెలియాల్సింది కొంచెమే. బంతి చేతిలో ఉన్న జట్టుకు పది గజాలు ముందుకెళ్లడానికి నాలుగు అవకాశాలు, వాటినే డౌన్స్ అంటారు. పది గజాలు దాటితే మళ్లీ నాలుగు, దాటలేకపోతే బంతి అవతలి జట్టుకు. బంతిని అవతలి జట్టు చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, దానికి 6 పాయింట్లు, ఆ వెంటనే కిక్ గోల్ అయితే మరో 1. ఆట మధ్యలో బంతిని తన్ని గోల్ స్తంభాల మధ్య నుంచి పంపితే ఫీల్డ్ గోల్, దానికి 3. గడియారం లెక్కన ఆట 60 నిమిషాలే అయినా ఆగి ఆగి నడుస్తుంది కాబట్టి మూడు గంటలు దాటుతుంది. స్టూడెంట్ సెక్షన్‌లో చాలాసేపు నిలబడే చూస్తారు, మెత్తటి బూట్లు వేసుకోండి. ఎదుటి జట్టు రంగు బట్టలు వేసుకోకండి. చాలా స్టేడియాల్లో పారదర్శకంగా ఉన్న సంచిని మాత్రమే లోపలికి రానిస్తారు, సాధారణంగా 12×6×12 అంగుళాలకు మించకూడదు. మామూలు బ్యాక్‌ప్యాక్‌తో వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు. టికెట్ ఫోన్‌లోనే ఉంటుంది కాబట్టి చార్జింగ్ చూసుకోండి. పూర్వ విద్యార్థులు తరలివచ్చే హోమ్‌కమింగ్ ఆటకు టికెట్లు త్వరగా అయిపోతాయి, తేదీ సెప్టెంబరులోనే చూసి పెట్టుకోండి.

ఆటకు ముందు స్టేడియం బయట కార్ల దగ్గర జరిగే టెయిల్‌గేట్ విందులు, అక్టోబరు 31న హాలోవీన్ పార్టీలు సరదాగా ఉంటాయి, చట్టం చిక్కులు వచ్చేదీ అక్కడే. దేశమంతటా మద్యం కొనడానికి కనీస వయసు 21. మీకు 21 నిండినా, నిండనివాళ్లకు అందిస్తే అది నేరం. తాగి బండి నడిపి అరెస్టయితే కోర్టు తేల్చకముందే వీసా రద్దు కావచ్చు. పక్కవాళ్లు తాగి స్పృహ తప్పితే 911కి ఫోన్ చేయడానికి వెనకాడకండి, సాయం కోసం పిలిచినవాళ్లకు మద్యం కేసు నుంచి రక్షణ ఇచ్చే చట్టాలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. హాలోవీన్ వేషం విషయంలో ఒకటే మాట: ముఖానికి నల్లరంగు పూసుకోవడం, మరొక జాతివాళ్ల వేషం కట్టడం అక్కడ తీవ్రమైన అవమానం.

ఎఫ్-1, అంటే విద్యార్థి వీసా, మీద ఉన్నవాళ్లు ఇది శ్రద్ధగా చదవాలి. కల్చరల్ నైట్‌లో ప్రతిఫలం లేకుండా డాన్స్ చేస్తే ఇబ్బంది లేదు. బయటివాళ్లెవరో తమ దీపావళి ఫంక్షన్‌కి డీజే చేస్తే వంద డాలర్లు ఇస్తామంటే మాత్రం అది అనుమతి లేని ఉద్యోగం. నగదుగా ఇచ్చినా, గిఫ్ట్ కార్డుగా ఇచ్చినా అంతే. మామూలుగా జీతమిచ్చి చేయించే పనిని వాలంటీరు పేరుతో ఉచితంగా చేసినా చిక్కే. క్యాంపస్ ఉద్యోగానికి తరగతులు నడిచే రోజుల్లో పరిమితి వారానికి 20 గంటలు. అనుమానం ఉంటే ఒప్పుకోకముందే ఇంటర్నేషనల్ ఆఫీసులో విద్యార్థి వీసా వ్యవహారాలు చూసే అధికారికి, అంటే డీఎస్ఓకి, మెయిల్ రాసి, జవాబు దాచుకోండి.

దీపావళి మీ బృందమే జరుపుతుంటే హాలు సెప్టెంబరులోనే బుక్ చేయాలి. అక్టోబరు, నవంబరు శనివారాలకు పోటీ ఎక్కువ. ఇంట్లో వండింది బహిరంగ కార్యక్రమంలో వడ్డించడానికి చాలా క్యాంపస్‌లు ఒప్పుకోవు, ఆమోదం ఉన్న కేటరర్ జాబితా ముందే అడిగి తెచ్చుకోండి. డార్మ్ (క్యాంపస్ హాస్టల్) గదుల్లో నూనె దీపాలు, అగరొత్తులు సాధారణంగా నిషేధం. పొగకు అలారం మోగితే బిల్డింగంతా చలిలో బయటికి రావాల్సిందే. ఎల్‌ఈడీ దీపాలతో సరిపెట్టుకోండి.

నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. అరిజోనాలో చాలా భాగం, హవాయి తప్ప. బోస్టన్ లాంటి చోట్ల ఆ తర్వాత సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకుతుంది. కార్యక్రమానికి బయల్దేరేముందు చివరి బస్సు ఎన్నింటికో చూసుకోండి. రాత్రిపూట తోడు వచ్చి దింపే సేఫ్టీ ఎస్కార్ట్ చాలా క్యాంపస్‌లలో ఉచితం, ఆ నంబరు ఫోన్‌లో పెట్టుకోండి.

కుటుంబమంతా కలిసి విందు చేసుకునే థాంక్స్‌గివింగ్ పండుగ నవంబరు నాలుగో గురువారం, 2026లో 26న. కొన్ని డార్మ్‌లు ఆ వారం మూసేస్తారు, డైనింగ్ హాళ్లు కూడా. మీ హాల్ సంగతి అక్టోబరులోనే తెలుసుకుని, ఉండిపోవాలంటే దరఖాస్తు పెట్టండి. విదేశీ విద్యార్థులను స్థానిక కుటుంబాల ఇళ్లకు భోజనానికి పంపే ఏర్పాటు ఉందేమో ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగండి. ఉంటే తప్పకుండా పేరు ఇవ్వండి, ఒక అమెరికన్ ఇంటిని లోపలినుంచి చూసే అవకాశం అంత తేలిగ్గా రాదు.

శాకాహారులు ఆ ఇంటివాళ్లకు వారం ముందే చెప్పాలి. ఉత్త "వెజిటేరియన్" అంటే చాలదు. మాంసం, కోడి, చేప, గుడ్డు ఏవేవి తినరో విడివిడిగా రాయండి. బల్ల మీద టర్కీ కోడి ఒక్కటే మాంసం అనుకోకండి. గ్రేవీలో టర్కీ రసం ఉంటుంది, రొట్టె ముక్కలతో చేసే స్టఫింగ్‌ని తరచుగా చికెన్ బ్రాత్‌తో, అంటే కోడి ఉడికించిన రసంతో, వండుతారు, చిలగడదుంపల మీద పరిచే మార్ష్‌మాలోల్లో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. మీవంతుగా ఒక కూర చేసి తెస్తానంటే సంతోషిస్తారు, కారం తగ్గించి చేయండి. అందులో జీడిపప్పు, వేరుశనగ ఉంటే చీటీ మీద రాసి అంటించండి, అక్కడ గింజల ఎలర్జీ ప్రాణం మీదికి తెచ్చే విషయం. వస్తామని చెప్పి రాకపోయినా, చెప్పకుండా రూమ్మేట్‌ని వెంటబెట్టుకెళ్లినా చాలా నొచ్చుకుంటారు. భోజనం తరచూ మధ్యాహ్నం రెండు, నాలుగు గంటల మధ్యే ఉంటుంది, రాత్రికి కదా అనుకుని ఆలస్యంగా వెళ్లకండి. మర్నాడు ఇంటివాళ్లకు రెండు వాక్యాల థాంక్స్ మెసేజ్ పంపండి.